ఆదాం తలవైపు రాయి

నా నోరు మంచిది కాదన్నది యూనివర్సిటీ అంతా ఒప్పుకున్న మాట. హెర్బేరియంలో పనిచేసేదానికి నోరు మంచిదైతే ఎంత, కాకపోతే ఎంత అని నా వాదన. ఎండబెట్టి అట్టలకు కుట్టిన మొక్కలు ఎవరేమన్నా ఎదురు చెప్పవు. ఆ గదిలో నాకు ఎదురు చెప్పినవాడు ఒక్కడే, అటెండరు తోమా. నేను చెప్పబోయేది జరిగేనాటికి, అంటే ఎనభై అయిదు అక్టోబరు నాటికి, అతను పోయి ఏడాదిన్నర అయింది.

మా గదిలో ఇరవై బీరువాలుంటే అందులో నాలుగు లైకెన్లవి. లైకెన్ అంటే మరేం లేదు, మసాలాలో వేసే రాతిపువ్వు ఉంటుంది చూశారూ, దాని చుట్టాలు. రాళ్ల మీదా, చెట్ల బెరడు మీదా బూడిదరంగులోనో, ఆకుపచ్చగానో మచ్చల్లా పట్టుకుని పెరుగుతాయి. కొన్ని గోటితో గీరితే వస్తాయి. కొన్ని రాతిని విడిచిపెట్టవు, వాటిని ఉలితో రాతిపెచ్చుతో సహా తియ్యాలి. తీసినదాన్ని కాగితం పొట్లంలో పెట్టి, అది ఏ రకమో, ఎక్కడ దొరికిందో లేబుల్ మీద టైపు కొట్టి అంటించాలి. ఆ టైపు కొట్టే పని నాది.

మా గుంటూరు, ప్రకాశం మెట్టల్లో లైకెన్లు పోగెయ్యాలని మా ప్రొఫెసరు గారికి పుట్టిన బుద్ధికి అప్పట్లో అందరూ నవ్వారు. నల్లరేగడిలో పత్తి, మిరప, పొగాకు తప్ప రాయి కనపడితే ఒట్టు. పైగా ఆ ఎండకు మనుషులే నిలవలేరు. అయినా తోమా గుడ్డసంచీలో ఉలి, సుత్తి వేసుకుని పల్లెలన్నీ తిరిగాడు. ఏడో తరగతి చదువు. దొరికిన ప్రతి ముక్కకూ తెలుగులో ఒక చీటీ రాసి తెచ్చేవాడు.

ఆ చీటీలంటే నాకు ఒళ్లు మంట. 'బావి గట్టు రాయి, ఉత్తరపు వైపు, మోకాలెత్తు' అని రాసి ఊరుకుంటే సరిపోయేది. 'ఆ బావి పిచ్చమ్మ గారిది. ఆమెను అడిగి తీశాను. మజ్జిగ ఇచ్చింది. వందనాలు' అని కూడా రాసేవాడు. పిచ్చమ్మ మజ్జిగ ఇస్తే సైన్సుకేం, ఇవ్వకపోతే సైన్సుకేం? లేబుల్ చూస్తే అగ్గిపెట్టె అంత. అందుకని నేను అన్నిటికీ ఒకటే కొట్టేదాన్ని, 'ప్రకాశం జిల్లా, రాయి మీద' అని. కొట్టేసి, చీటీని నలిపి చెత్తబుట్టలో పారేసేదాన్ని.

డెబ్బై ఏడు క్రిస్మస్ ముందు ఆ బుట్ట తోమా కంటబడింది. అతను గొంతు పెంచే మనిషి కాదు.

"అమ్మగారూ, అది అడిగి తెచ్చిన రాయండి. మీరు చీటీ పారేస్తే అడక్కుండా తెచ్చినట్టు అవుద్ది," అన్నాడు.

"నీ మజ్జిగ లెక్కలు టైపు కొట్టడానికి కాదు నాకు జీతమిచ్చేది," అన్నాను.

వారం రోజులు నాతో మాట్లాడలేదు. నేను తగ్గలేదు గాని, అప్పట్నించి చీటీలు పారెయ్యడం మానేసి పొట్లంలోనే పెట్టి మడిచేదాన్ని. అంతకు ముందు పారేసినవి ఎటూ పోయాయి. ఆ సంగతి అతను మళ్లీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఒక సోమవారం మధ్యాహ్నం హెర్బేరియం గుమ్మంలో ఒక పెద్దావిడ నిలబడింది. అరవై దాకా ఉంటాయి. నూలు చీర, చేతిలో గుడ్డ మూట, వేళ్ల చివర్లు పొగాకు పనితో నల్లబడి ఉన్నాయి.

"రాళ్లమీద పూత గీరి తీసుకెళ్లే ఆఫీసు ఇదేనామ్మా?" అంది.

"ఇది ఆఫీసు కాదు. ఏం కావాలి?" అన్నాను. నా పలకరింపు అలాగే ఉంటుంది.

ఆమె పేరు ఎలీసమ్మ. పర్చూరు పక్క పల్లె. తెల్లారే బయల్దేరి, రెండు బస్సులు మారి వచ్చింది. మంచినీళ్లు తాగి, కింద కూర్చుని చెప్పింది. వాళ్ల చర్చి సంఘం సమాధుల దొడ్డి నిండిపోయింది. కొత్తగా పోయినవాళ్లను పెట్టుకోవడానికి జాగా లేదు. అందుకని సంఘపెద్దలు కూర్చుని, అది ఎవరిదో తెలిపే కాగితం చూపించిన సమాధి ఉంచుతాం, చూపించనిది చదును చేసేస్తాం అని తేల్చారు. సమాధుల పండుగ లోపలే, వచ్చే శనివారం, పని మొదలు. చర్చి రిజిస్టరు చూద్దామంటే డెబ్బై ఏడు నవంబరు తుఫానులో తడిసి ముద్దయిపోయింది. ఆమె భర్త ఆదాం ఆ దొడ్డిలోనే ఉన్నాడు. పేరు చెక్కించే తాహతు లేక తలవైపు ఒట్టి రాయి నిలబెట్టారు.

"ఏటేటా పండక్కి నా చేత్తో సున్నం కొడతన్నా గదయ్యా అంటే, సున్నం ఎవరన్నా కొట్టొచ్చు, కాగితం తెమ్మంటన్నారు. నాకు కాగితం ఎక్కడ్నించి వస్తదమ్మా. అప్పుడు గుర్తొచ్చింది. తుఫానుకు ముందు, ఆయన పోయిన ఏడే, గుంటూరు యూనివర్సిటీ నించని ఒకాయన వచ్చాడు. పొట్టిగా ఉంటాడు. మా ఆయన రాయి మీద బూడిద మచ్చలుంటే చిన్న ముక్క తీసుకుంటానమ్మా అని నన్ను అడిగాడు. మా ఆయన పేరు కూడా అడిగి కాగితమ్మీద రాసుకున్నాడు. ఆ కాగితం ఇప్పించమ్మా, శనివారం లోపల."

తుఫానుకు ముందు అంటే తోమాకూ నాకూ గొడవ కాకముందు. అంటే ఆ కాగితాన్ని నేనే నలిపి బుట్టలో వేశాను. ఈ మనిషి మొగుడి పేరు ఈ భూమ్మీద ఒకేఒక్క కాగితం మీద ఉంటే, దాన్ని నేను చెత్తలో పారేశాను.

ఆ మాట ఆమెతో చెప్పే ధైర్యం నాకు చాల్లేదు. "చూద్దాం, ముందు ముక్క దొరకనీ," అని లేచాను.

ముక్క దొరకడం కూడా తేలిక కాదు. బీరువాల్లో పొట్లాలు ఊళ్లవారీగా ఉండవు, లైకెన్ రకాన్ని బట్టి ఉంటాయి. ఒక ఊరివి నాలుగు బీరువాల్లోనూ చెదిరి ఉంటాయి. పైన లేబుల్ చూసి ఏరుదామంటే నా పుణ్యమా అని నాలుగు వందల పొట్లాల మీద 'ప్రకాశం జిల్లా, రాయి మీద' అనే ఉంది. ఎనిమిదేళ్ల కింద చేసిన బద్ధకం ఆ రోజు కొండలా నా ముందు కూర్చుంది.

మొదటి సొరుగు లాగి, మొదటి పొట్లం విప్పాను. డెబ్బై ఆరు నాటిది. లోపల రాతిపెచ్చు, దానికింద చీటీ.

చీటీ ఉండకూడదు. ఆ ఏటివన్నీ నేను పారేశాను. విప్పి వెలుతురులో పట్టుకున్నాను. తోమా చేతిరాతే. కాగితం నిండా ముడతలు. పొట్లంలో పెట్టిన మడతలు కావవి, గుప్పిట్లో నలిపిన ముడతలు. ఎవరో ఆ ముడతల్ని బల్లమీద పరిచి, అరచేత్తో రుద్ది రుద్ది సాపు చేశారు. రెండో పొట్లం విప్పాను. అందులోనూ అలాంటి చీటీయే. మూడోదానిలోనూ.

నేను ఇంటికి వెళ్లాక ఆ బుట్టలోంచి ఒక్కొక్కటీ ఏరుకున్నాడన్నమాట. ఎన్నాళ్లనించి ఏరుకుంటున్నాడో ఏమో. ఏరి, సాపు చేసి, ఏ చీటీ ఏ పొట్లానిదో వెతుక్కుని పెట్టాడు. ఆ తరవాత ఆరేళ్లకు పైగా నా ఎదురుగా కూర్చుని, రోజూ నాకు టీ తెచ్చి ఇచ్చి, ఒక్కనాడు కూడా ఆ మాట అనలేదు. అతను పోయినప్పుడు నేను ఒక దండ కొనుక్కెళ్లి వేసి వచ్చాను, అంతే. ఇప్పుడు సొరుగు పట్టుకుని నిలబడి ఏడ్చాను.

"ఏందమ్మా, ఏమైంది?" అంది ఎలీసమ్మ.

ఇక దాచలేకపోయాను. బుట్ట సంగతి మొత్తం చెప్పేశాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను.

"పారేసింది దొరికింది గదమ్మా, ఇంకెందుకు ఏడుపు," అని చీర కొంగు బిగించి సొరుగు దగ్గరకు వచ్చి కూర్చుంది. "నేను విప్పుతా, నువ్వు చదువు."

ఆమెకు చదువు రాదు గాని చేతులు వచ్చు. ముప్పై ఏళ్లు పొగాకు ఆకులు రంగును బట్టి ఏరిన వేళ్లవి. పొట్లం విప్పి, రాయి చూసి, నేను చీటీ అందుకునేలోపే "ఇది కాదు" అనేది. "మాది కొండరాయమ్మా. ఆయన చీమకుర్తి దగ్గర రాళ్లు కొట్టే పనికి పోయినప్పుడు, గుమ్మం ముందు వేసుకుందామని బండిమీద తెచ్చాడు. గుమ్మానికి వెయ్యకముందే ఆయన పోయాడు. అందుకే తీసుకెళ్లి తలవైపు పెట్టాం. ఈ చుట్టుపక్కల అట్టాంటి నల్లరాయి లేదు."

అయితే ఆ రాయి మీది లైకెన్ మా మెట్టల్లో పుట్టింది కాదన్నమాట అని నాకు అప్పుడు తట్టింది. దాన్ని ఆ రాయి కొండ మీంచి తనతోపాటు తెచ్చుకుంది.

ఆ సాయంత్రం దాకా చూశాం. ఎలీసమ్మ ఆ రాత్రి మా ఇంట్లోనే పడుకుంది. మర్నాడు పదకొండు గంటలకు, మూడో బీరువా కింది సొరుగులో, ఆమె ఒక పొట్లం విప్పి నా ముందు పెట్టింది. కొబ్బరిముక్క అంత నల్లరాతి పెచ్చు, దానిమీద బూడిదరంగు మచ్చ. చీటీ తీసి పైకి చదివాను.

'పర్చూరు పక్క పల్లె. క్రైస్తవుల సమాధుల దొడ్డి. గేటులో నించుని ఎడమ గోడ వెంట పదహారు అంగలు, గోడ నించి లోపలికి నాలుగు అంగలు. ఆదాం గారి తలవైపు రాయి. ఆయన భార్య ఎలీసమ్మ గారిని అడిగి, సరే అన్నాకే ఉలి పెట్టాను. కుడి పైమూల పెచ్చు తీశాను. ఎండన పడి వచ్చావు కూర్చోమని చాప వేసింది. వందనాలు.'

"ఇంకోసారి చదువమ్మా," అంది. ఇంకోసారి చదివాను. ఆయన పేరు రాగానే ఆమె కాగితమ్మీద వేలు పెట్టింది. ఏది ఆదామో చూపించాను.

నమూనాను గది దాటించాలంటే మా హెడ్డు సంతకం కావాలి. ఆయన కేంపులో ఉన్నాడు. పొట్లం బాధ్యత నాది, పోతే ఉద్యోగం కూడా నాదే పోతుంది అనుకుని, నా సంతకం నేనే పెట్టుకుని, పొట్లాన్ని హ్యాండుబ్యాగులో వేసుకుని ఆమెతోపాటు బస్సెక్కాను. ఒట్టి చీటీ ఇచ్చి పంపిస్తే, ఎవరో రాసిచ్చారంటారు. రాతిపెచ్చు రాతికి అమిరితే ఇక ఎవరూ నోరెత్తరు.

సమాధుల దొడ్డి ఊరికి పడమటి పక్కన, మిరపచేలను ఆనుకుని ఉంది. సంఘపెద్ద జక్రయ్య గారు అక్కడే ఉన్నాడు. రిటైరైన బడిపంతులు, తెల్లపంచె, చేతిలో జాబితా. చదును చెయ్యాల్సినవాటికి అంకెలు వేసుకుంటున్నాడు. నేను ఎవరో, ఎందుకొచ్చానో చెప్పాను. చీటీ చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు.

"రాత సరిగ్గానే ఉందండి. రాయి ఏదమ్మా?" అన్నాడు.

ఎలీసమ్మ గేటుకు కుడివైపున తెల్లగా మెరుస్తున్న రాయి దగ్గరకు నడిచింది. ఎనిమిదేళ్ల సున్నం పొరలు పొరలుగా దానిమీద ఉంది. నేను వంగి, కుడి పైమూల చూశాను. మూల నిండుగా ఉంది. ఎడమ మూల కూడా నిండుగానే ఉంది. సున్నం కొంచెం గీకితే లోపల ఎర్రటి రాయి కనపడింది.

నేను లేచి నిలబడ్డాను. జక్రయ్య గారే అన్నాడు. "చీటీలో ఎడమ గోడ అని ఉంది గదండీ. ఇది కుడివైపు."

ఎలీసమ్మ ఆ రాయినీ, నన్నూ మార్చి మార్చి చూసింది. "ఇదేనమ్మా. తుఫాను నీళ్లు పదిరోజులు నిలబడి రాళ్లన్నీ పడిపోతే, నేను జ్వరంతో మా చెల్లెలి ఊళ్లో ఉన్నా. వచ్చేసరికి నిలబెట్టి, సున్నం కూడా కొట్టేశారు. దొడ్డంతా మేటమట్టి పడి, ఏది ఏ పక్కదో ఆనవాలే తెలవలేదు. ఇదే మీ ఆదాందని చూపించారు." ఆమె జక్రయ్య గారి వైపు తిరిగింది. "చూపించింది మీరే గదయ్యా."

జక్రయ్య గారు కళ్లజోడు తీసేశాడు. "నేనే," అన్నాడు. "ఆ పూట ముప్పై రాళ్లు నిలబెట్టాం. ఏది ఎవరిదో మాకూ తెలవలేదు. అడిగినవాళ్లందరికీ ఏదో ఒకటి చూపించాం. ఏమీ చూపించకపోతే ఏడుస్తారని."

నాకు చిర్రెత్తుకొచ్చింది. అనాల్సినవి చాలా ఉన్నాయి. కాని చెత్తబుట్ట గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

గేటులో నిలబడి ఎడమ గోడ వెంట పదహారు అంగలు వేశాను. తోమా పొట్టివాడు కాబట్టి అంగ తగ్గించి వేశాను. గోడ నించి లోపలికి నాలుగు వేద్దామంటే సర్కారు తుమ్మ అడ్డం. జక్రయ్య గారు పంచె ఎగ్గట్టి, పక్కచేలో పనిచేస్తున్నవాళ్ల దగ్గర కొడవలి తెచ్చి తనే కొట్టాడు. ముళ్లు గీరుకున్నా ఆగలేదు. కంప తీసేసరికి, ఒకవైపుకు ఒరిగి, సగం మట్టిలో కూరుకుపోయిన నల్లరాయి బయటపడింది. దానిమీద సున్నం చుక్క కూడా లేదు. పైనంతా బూడిదరంగు మచ్చలు, ఎనిమిదేళ్లలో అరచేతులంత అయ్యాయి. కుడి పైమూల విరిగి ఉంది.

పొట్లం విప్పి పెచ్చును ఎలీసమ్మ చేతిలో పెట్టాను. ఆమె దాన్ని ఆ మూలలో ఆనించింది. ఎక్కడా సందు లేకుండా కూర్చుంది.

"ఇక్కడున్నావా," అంది. ఆ కొట్టేసిన కంపల్లోనే కూలబడి, రాయిని రెండు చేతులా పట్టుకుని ఏడ్చింది. మేమిద్దరం కొంచెం దూరం జరిగి నిలబడ్డాం. నేను మనసులో తోమాకు చెప్పాల్సింది చెప్పుకున్నాను. బతికుండగా ఒక్కసారైనా చెప్పి ఉంటే బాగుండేది.

జక్రయ్య గారు ఆదాం పేరు ఉంచాల్సినవాటి వరసలో రాసుకున్నాడు. తరవాత వెనక్కి తిరిగి ఆ తెల్లరాయి వైపు చూశాడు. "అయితే అది ఎవరిదో తెలవనట్టే. చదును చేసేవాట్లో వేసుకుంటా," అన్నాడు.

ఎలీసమ్మ చప్పున లేచింది. కళ్లు తుడుచుకోలేదు. నేరుగా వెళ్లి తెల్లరాయి పక్కన నిలబడింది.

"ఇదీ ఉంచండయ్యా."

"కాగితం లేదు గదమ్మా. పేరే తెలవదు. రూలు అందరికీ ఒకటే. నీకొకలాగ, ఇంకొకళ్లకొకలాగ చేస్తే నన్నడుగుతారు. కాగితం ఉండాలి."

ఆ మాటకు నాకు మళ్లీ కోపం వచ్చింది, ఈసారి పనికొచ్చే కోపం. ఆ రాయి దగ్గర మోకాళ్లమీద కూర్చుని చుట్టూ తడిమాను. వెనకవైపు అడుగున, సున్నం కుంచె అందని చోట, గోరంత బూడిద మచ్చ ఉంది. కొండనించి వచ్చిన రకం కాదు, మామూలుది. మా బీరువాల్లో అలాంటివి వందున్నాయి.

"ఎలీసమ్మ గారూ, ఇది తీసుకోవచ్చా?" అని అడిగాను. ఒక నమూనాకు ముందుగా మనిషిని అడగడం నా సర్వీసులో అదే మొదటిసారి.

"తీసుకోమ్మా," అంది.

గోటితో గీరి కాగితంలో మడిచాను. చీటీ రాశాను. తేదీ, ఊరు, గేటునించి అంగలు. ఆ కింద ఇంకో నాలుగు ముక్కలు రాసి, "ఇదిగోండి కాగితం," అని ముందుగా జక్రయ్య గారికి చూపించాను. ఆయన పైకి చదివాడు.

"'పేరు తెలియదు. ఎలీసమ్మ గారి మనిషి. ఆమెను అడిగి తీశాను. వందనాలు.'" తల ఎత్తాడు. "మనిషంటే ఏమవుతాడని రాసుకోమంటావమ్మా?"

ఎలీసమ్మ కొంగుతో ఆ రాతి మీద దుమ్ము తుడుస్తోంది. ఆపలేదు.

"మా ఆయన అనుకుని ఎనిమిదేళ్లు నా కష్టాలన్నీ ఈయనతోనే చెప్పుకున్నానయ్యా. పిల్ల పురుడు పోసుకుంటే ఈయనకే చెప్పా. పని దొరకని రోజుల్లో వచ్చి ఈయన మీదే అరిచా. తనవాళ్లెవరూ రాకపోయినా, నావన్నీ విన్నాడు. ఏమవుతాడో మీకు తోచింది రాసుకోండి."

జక్రయ్య గారు జాబితా మోకాలి మీద పెట్టుకుని, ఆదాం పేరు కిందనే ఇంకో వరస రాశాడు. ఏమని రాశాడో నేను చూడలేదు. రాసి, కాగితం జేబులో పెట్టుకుని, చెప్పులు విడిచి, ఆ తెల్లరాయికి చేతులు జోడించాడు.